ఇంట్లో తీసిన సినిమాకి ట్రైలర్ సంగీతం: ఎంపిక నుంచి మిక్స్ దాకా

ట్రైలర్ కట్ చేయడానికి కూర్చున్నప్పుడు చాలామంది ముందు మంచి షాట్లన్నీ ఏరి వరుసగా పేర్చుకుంటారు. అది అయ్యాక ఒక మ్యూజిక్ ట్రాక్ వెతికి కింద పరుస్తారు. షాట్లు ఎంత బాగున్నా ఆ ట్రైలర్ ఊపందుకోదు. బొమ్మ ఒక లయలో, సంగీతం ఇంకో లయలో నడుస్తుంటాయి. ఈ వరుసని తిరగేయండి. ముందు సంగీతాన్ని ట్రైలర్ నిడివికి కత్తిరించి, అతికి, సొంతంగా నిలబడేలా తయారుచేసుకోండి. కళ్లు మూసుకుని విన్నా కథ ఎక్కడ మొదలైంది, ఎక్కడ మలుపు తిరిగింది, ఎక్కడ ఊపిరి బిగబట్టాలి అన్నది తెలియాలి. బొమ్మ ఆ తర్వాతే.

ఉదాహరణగా ఒక సినిమా ఊహించుకుందాం. అరగంట నిడివి. తండ్రి పోయాక ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన అక్కాచెల్లెళ్లకి ఎంతకీ తెరుచుకోని గది ఒకటి ఎదురవుతుంది. దానికి 90 సెకన్ల ట్రైలర్ కావాలి. థియేటర్లలో వేసే హాలీవుడ్ ట్రైలర్లే మామూలుగా రెండున్నర నిమిషాలు దాటవు. చిన్న సినిమాకి 60 నుంచి 90 సెకన్లు చాలు.

1. ట్రాక్ వెతికే ముందు ఒక డైలాగ్ ఎంచుకోండి

ట్రైలర్‌ని రెండు ముక్కలు చేసే డైలాగ్ ఒకటి ఉంటుంది. అది వినపడక ముందు ఇది ఒక కథ, వినపడ్డాక ఇంకో కథ. మన సినిమాలో అది చెల్లెలు అనే మాట: "అక్కా... లోపల గడియ పెట్టి ఉంది." ఆ ఒక్క వాక్యం దగ్గర సంగీతం ఆగిపోవాలి. అంటే మనకి కావలసిన ట్రాక్ మెల్లగా పెరుగుతూ వచ్చి, ఠక్కున ఆపినా అతుకు తెలియకుండా, మళ్లీ మొదలైనప్పుడు అంతకు రెట్టింపు బలంతో లేచేలా ఉండాలి. ఈ స్పష్టత లేకుండా వెతకడం మొదలుపెడితే వందల ట్రాకుల్లో కొట్టుకుపోతారు.

2. హక్కుల సంగతి ముందే తేల్చుకోండి

దీన్ని చివరికి వాయిదా వేయకండి. కట్ అంతా అయ్యాక ట్రాక్ మార్చాల్సి వస్తే ట్రైలర్ మొత్తం మళ్లీ కట్ చేసినట్టే.

రికార్డయిన ఏ సంగీతానికైనా రెండు హక్కులు ఉంటాయి. ఒకటి స్వరరచనది, రెండోది ఆ రికార్డింగుది. 1827లో మరణించిన బీథోవెన్ రచన మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కానీ దాన్ని ఏదో ఆర్కెస్ట్రా వాయించి రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ హక్కు వాళ్లది కావచ్చు. పాత శాస్త్రీయ సంగీతం ఉచితం కదా అనుకుని వాడేవాళ్లకి చిక్కు వచ్చేది ఇక్కడే. రచన మీరే వాయించి రికార్డు చేసుకోండి, లేదా రికార్డింగ్ కూడా హక్కుల నుంచి బయటపడిందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. హక్కుల గడువు దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో రచయిత మరణించాక 50 నుంచి 70 ఏళ్లు.

"పది సెకన్ల లోపు వాడితే ఏం కాదు" అనే మాట ఎక్కడ విన్నా నమ్మకండి. అలాంటి నియమం ఏదీ లేదు.

క్రియేటివ్ కామన్స్ ట్రాకులు, అంటే కొన్ని షరతుల మీద ఉచితంగా వాడుకోమని రచయితలే అనుమతించినవి, చిన్న సినిమాల వాళ్లకి గొప్ప వరం. అయితే ఆ లైసెన్సులన్నీ ఒకటి కాదు. రచయిత పేరు చెబితే చాలనే లైసెన్సు అన్నిటికన్నా సులువు. "మార్పులు చేయకూడదు" అనే షరతు ఉన్న ట్రాక్ ట్రైలర్‌కి పనికిరాదు, మీరు ఒక్క సెకను కూడా కత్తిరించకపోయినా సరే. ఎందుకంటే సంగీతాన్ని కదిలే బొమ్మతో జతచేయడాన్నే ఆ లైసెన్సు మార్పు కింద లెక్కిస్తుంది. "అదే లైసెన్సుతో పంచాలి" అన్న షరతు ఉంటే మీ ట్రైలర్‌ని కూడా ఆ లైసెన్సు కిందే విడుదల చేయాలి. "వాణిజ్యానికి వాడకూడదు" అని ఉంటే, సినిమాని అమ్మే ఉద్దేశం ఉన్నా, వీడియో మీద ప్రకటనలు వేసుకునే ఉద్దేశం ఉన్నా ఆ ట్రాక్ జోలికి పోవద్దు.

యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో దొరికే ట్రాకుల్లో కొన్నిటికి పేరు వేయాలి, కొన్నిటికి అక్కర్లేదు. ప్రతి ట్రాక్ పక్కనే ఆ వివరం ఉంటుంది. చందా కట్టి తీసుకునే లైబ్రరీలైతే చందా ఆపేశాక పాత వీడియోలకి అనుమతి కొనసాగుతుందా లేదా అన్న ఒక్క వాక్యం ముందు చదవండి. తెలిసిన సంగీత దర్శకుడు ప్రేమగా చేసి ఇచ్చినా సరే, ఏ సినిమాకి, ఎక్కడెక్కడ, ఎంతకాలం వాడుకోవచ్చో ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ స్నేహం నిలవడానికి కూడా అది మంచిది.

ఏ ట్రాక్ తీసుకున్నా, ఆ రోజే లైసెన్సు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. పేజీలు మాయమైపోతుంటాయి, షరతులు మారుతుంటాయి.

3. మూడ్ కన్నా ఆకారం చూడండి

"సస్పెన్స్", "ఎమోషనల్" అని వెతికితే దొరికేవి ఒకే మూడ్‌లో మూడు నిమిషాలు సాగే ట్రాకులు. సినిమాలో సీను కింద వేసే రీరికార్డింగ్‌కి అవి పనికొస్తాయి. ట్రైలర్‌కి మాత్రం ఎక్కే మెట్లు కావాలి.

దీనికి నేను వాడే పరీక్ష ఇది. ట్రాక్‌ని మొదటి ఇరవై సెకన్లు వినండి. అక్కడి నుంచి నేరుగా మధ్యకి దూకి పది సెకన్లు, తర్వాత ముగింపుకి ముందు పది సెకన్లు వినండి. మూడు చోట్లా దాదాపు ఒకేలా ఉంటే ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి వేవ్‌ఫార్మ్, అంటే శబ్దం హెచ్చుతగ్గులు గీతగా కనిపించే బొమ్మ, చూసినా తెలిసిపోతుంది. సన్నగా మొదలై, మెట్టు మెట్టుగా లావెక్కి, మధ్యలో ఒకచోట సన్నబడి, మళ్లీ ఒక్కసారిగా విచ్చుకునే ఆకారం మనకి కావలసింది. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో దిమ్మలా కనిపిస్తే అందులో మనం మలచడానికి ఏమీ మిగల్లేదు.

ఇంకా కొన్ని చూసుకోవాలి. గాత్రం ఉన్న ట్రాక్ మీ డైలాగులతో కొట్లాడుతుంది. కాబట్టి వాయిద్యాలు మాత్రమే ఉన్నది నయం. ముగింపు మెల్లగా మాయమయ్యే ఫేడ్ కాకుండా, ఒక గట్టి దెబ్బతో ఆగేదైతే టైటిల్ అక్కడ పడుతుంది. డ్రమ్స్, బేస్, వయొలిన్లు వేర్వేరు ఫైళ్లుగా, అంటే స్టెమ్స్‌గా దొరికితే వదలకండి. డైలాగ్ కింద డ్రమ్స్ తీసేసి మిగతావి ఉంచుకునే వీలు దొరుకుతుంది.

బాగా తెలిసిన సినిమా నేపథ్య సంగీతాన్ని "ప్రస్తుతానికి" అని వేసి కట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. అది వద్దంటాను. రెండు రోజులు దానితో పనిచేశాక ఇక ఏ ట్రాక్ విన్నా చప్పగా అనిపిస్తుంది. మీ చెవి ఆ సినిమాకే అలవాటు పడిపోతుంది.

4. టెంపో లెక్క

ఇక్కడ ఐదు నిమిషాలు పెట్టే లెక్క తర్వాత గంటల పని మిగులుస్తుంది. 60ని బీపీఎంతో, అంటే నిమిషానికి పడే బీట్ల సంఖ్యతో, భాగిస్తే ఒక బీట్ ఎన్ని సెకన్లో వస్తుంది. నాలుగు బీట్ల తాళమైతే దాన్ని నాలుగుతో హెచ్చిస్తే ఒక బార్, అంటే తాళం ఒక చుట్టు.

మన ట్రాక్ 96 బీపీఎం అనుకుందాం. బీట్ 0.625 సెకన్లు, బార్ సరిగ్గా 2.5 సెకన్లు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల్లో తీసి ఉంటే బీట్ 15 ఫ్రేములు, బార్ 60 ఫ్రేములు. 90 సెకన్ల ట్రైలర్ అంటే 36 బార్లు. ఇలా ఫ్రేములు పూర్ణసంఖ్యలో వస్తే కట్‌లు ఎక్కడా జారవు. 25 ఫ్రేముల సినిమాకి 100 బీపీఎం, 30 ఫ్రేములదానికి 120 బీపీఎం ఇలాగే కుదురుతాయి. రెండిట్లోనూ బీట్ 15 ఫ్రేములే.

ట్రాక్ 94లో ఉంటే శ్రుతి మారకుండా వేగం మాత్రమే పెంచే ఆప్షన్‌తో 96కి తీసుకెళ్లొచ్చు. అది రెండు శాతం తేడానే, వినేవాళ్లకి తెలియదు. ఐదు శాతం దాటితే డ్రమ్స్ దెబ్బలు ముద్దగా అవడం మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ చూపించే బీపీఎంని గుడ్డిగా నమ్మకండి. 96ని ఒక్కోసారి 48గానో 192గానో చూపిస్తుంది. చేత్తో తాళం వేసుకుంటూ లెక్కపెట్టి సరిచూసుకోండి. మూడు బీట్ల తాళం కూడా ఉండొచ్చు.

ఎంపీ3 ఫైల్‌తో నేరుగా కట్ చేయకండి. ఆ ఫార్మాట్‌లో ఫైల్ మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది. మొదటి బీట్ ఉండాల్సిన చోట ఉండదు. ముందు 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైల్‌గా మార్చుకుని, మొదటి దెబ్బ సరిగ్గా మొదలయ్యే చోట ఫైల్ మొదలయ్యేలా కత్తిరించుకోండి.

5. ట్రాక్‌ని 90 సెకన్లకి దించడం

అసలు పని ఇదే. బొమ్మ ట్రాకులన్నీ మ్యూట్ చేసేయండి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ అయినా, కెడెన్‌లైవ్ అయినా, ఆడియో మాత్రమే కట్ చేసే ఆడాసిటీ అయినా ఈ పనికి సరిపోతాయి.

ట్రాక్ వింటూ ప్రతి బార్ మొదటి బీట్ మీద మార్కర్ పెట్టండి. ఎక్కడ కొత్త వాయిద్యం వచ్చింది, ఎక్కడ తగ్గింది అన్నది పక్కన రాసుకోండి. మన ట్రాక్ 3 నిమిషాల 20 సెకన్లు అనుకుంటే 80 బార్లు. 1 నుంచి 16 దాకా ఒంటరి పియానో. 17 నుంచి 32 దాకా కింద బేస్ చేరింది. 33 నుంచి 48 దాకా డ్రమ్స్. 49 నుంచి 56 దాకా మళ్లీ సన్నబడింది. 57 నుంచి 72 దాకా అన్ని వాయిద్యాలూ పూర్తి బలంతో. చివరి 8 బార్లు ముగింపు.

ఇప్పుడు మన 36 బార్లని పంచుకుందాం. ఇల్లు, అక్కాచెల్లెళ్లు, దుమ్ము పట్టిన సామాను: 8 బార్లు. గది కనబడటం, తాళాలు వెతకడం: 12 బార్లు. నిశ్శబ్దం, ఆ డైలాగ్: 2 బార్లు. వేగంగా దూకే షాట్లు: 10 బార్లు. టైటిల్: 2. ఆ తర్వాత ఆఖరి చిన్న మెరుపుకి, అంటే టైటిల్ పడ్డాక మెరిసి మాయమయ్యే షాట్‌కి, 2.

మొదటి 8 బార్లకి పియానో భాగం నుంచి 1-4, తర్వాత 13-16 తీసుకుంటాను. 13-16 ఎందుకంటే తర్వాతి భాగంలోకి చేయిపట్టి తీసుకెళ్లే మలుపు ఎప్పుడూ భాగం చివర్లోనే ఉంటుంది. వరుసగా 1-8 తీసుకుంటే బేస్ చేరిన క్షణం అతికినట్టు వినబడుతుంది. తర్వాతి 12కి బేస్ భాగం నుంచి 29-32, డ్రమ్స్ భాగం నుంచి 33-40. అక్కడ ఆగిపోతాం. నిశ్శబ్దం తర్వాత 57-64, ఆపైన 71-72. టైటిల్‌కి ముగింపు భాగంలోని మొదటి దెబ్బ.

అతుకు కనబడకుండా ఉండటానికి కొన్ని మెలకువలు ఉన్నాయి. ఎప్పుడూ బార్ మొదట్లో కత్తిరించి బార్ మొదట్లోకే దూకండి, వీలైతే నాలుగు లేదా ఎనిమిది బార్ల గుంపు మొదటికి. సంగీతంలో వాక్యాల్లాంటి స్వరాల వరుసలు సాధారణంగా ఆ పొడవులోనే ఉంటాయి. బలమైన డ్రమ్ దెబ్బ ఉన్నచోట, దెబ్బకి 10-20 మిల్లీసెకన్ల ముందు కట్ చేసి చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) ఇస్తే ఆ దెబ్బే అతుకుని కప్పేస్తుంది. పియానో, వయొలిన్ల లాంటి సాగే స్వరాల మధ్య అయితే అర బీట్ నుంచి ఒక బీట్ దాకా పొడవైన క్రాస్‌ఫేడ్ కావాలి. సాఫ్ట్‌వేర్ అడిగితే ఈక్వల్ పవర్ రకం ఎంచుకోండి. మామూలు లీనియర్ క్రాస్‌ఫేడ్‌లో రెండు వేర్వేరు శబ్దాల మధ్య ధ్వని ఒక క్షణం కుంగినట్టు వినబడుతుంది. ఏ క్రాస్‌ఫేడూ లేకుండా కోస్తే టిక్కుమనే చప్పుడు వస్తుంది. తరంగం సున్నా దగ్గర కాకుండా మధ్యలో తెగడం వల్ల వచ్చేది అది.

అయినా ఏదో తేడాగా అనిపిస్తే బేస్ స్వరాన్ని ఒక్కదాన్నే వినండి. అతుకుకి అటూ ఇటూ బేస్ అసహజంగా దూకుతుంటే ఒకటో రెండో బార్లు ముందుకో వెనక్కో జరిపి చూడండి. కొన్ని ట్రాకులు చివరికి వచ్చేసరికి శ్రుతి పెంచేస్తాయి. అలాంటి భాగంలోకి నేరుగా దూకితే చెవికి గుచ్చుకుంటుంది, కానీ మధ్యలో నిశ్శబ్దం ఉంటే ఆ దూకుడే బలంగా మారుతుంది. రెండు వేర్వేరు ట్రాకులు వాడాలనుకున్నా అతికే చోటు ఆ నిశ్శబ్దమే.

ఈ 90 సెకన్లు సిద్ధమయ్యాక, సినిమా గురించి తెలియని ఒకరికి బొమ్మ లేకుండా వినిపించండి. "ఇక్కడేదో జరిగింది" అని వాళ్లు తలెత్తే చోటు మీరు అనుకున్న చోటేనా అని గమనించండి.

6. ఆ రెండు బార్ల నిశ్శబ్దం

ట్రైలర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. ఇక్కడే ఎక్కువసేపు కూర్చోండి.

సంగీతాన్ని మెల్లగా తగ్గించకండి. 40వ బార్ చివరి బీట్ మీద కోసేయండి. అయితే పూర్తిగా కోస్తే ఫైల్ పాడైనట్టు ఉంటుంది. అందుకని చివరి దెబ్బని మాత్రం కాపీ చేసి వేరే ట్రాక్ మీద పెట్టి, దానికి రెండు మూడు సెకన్ల రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఇవ్వండి. అసలు సంగీతం ఆగిపోతుంది, దాని ప్రతిధ్వని గదిలో కరిగిపోతుంది. ఆ ఖాళీ కింద షూటింగ్‌లో రికార్డు చేసిన గది నిశ్శబ్దాన్ని సన్నగా పరచండి. అసలు శబ్దమే లేని సున్నా నిశ్శబ్దం ఫోన్లో చూసేవాళ్లకి వీడియో ఆగిపోయిందేమో అనిపిస్తుంది.

మన సినిమాలో ఈ ఐదు సెకన్లూ ఇలా నింపుతాను. మొదటి సెకను ప్రతిధ్వని. తర్వాత తాళంచెవి తిరిగిన చప్పుడు, దగ్గరగా, పొడిగా. తలుపు కదలదు. అర సెకను ఏమీ లేదు. "అక్కా... లోపల గడియ పెట్టి ఉంది." మాట ముగిశాక ఒక బీట్ ఆగి, 57వ బార్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. డైలాగ్ పొడవు ఐదు సెకన్లలో పట్టకపోతే బార్‌ని పట్టించుకోకండి. ఇక్కడ తాళం లేదు, ఎవరూ లెక్కపెట్టడం లేదు. టెన్షన్ ఎంతసేపు నిలుస్తుందో అంతసేపు ఆగండి, పెరిగిన నిడివిని తర్వాతి షాట్లలో ఒక బార్ తగ్గించి సరిచేసుకోండి.

7. ఇప్పుడు బొమ్మ

ప్రతి బీట్ మీదా కట్ వేయాలనే కోరిక వస్తుంది. ఆపుకోండి. మొదటి 8 బార్లలో కట్‌లు బీట్‌తో సంబంధం లేకుండా తీరిగ్గా ఉండనివ్వండి. బీట్‌కి సరిగ్గా కలిసే కట్ ఒకటో రెండో చాలు. డ్రమ్స్ మొదలయ్యాక బార్‌కి ఒక కట్ మొదటి బీట్ మీద పడొచ్చు.

నిశ్శబ్దం తర్వాతి 10 బార్లలో వేగం పెంచడానికి లెక్క ఇది: మొదటి 4 బార్లలో బార్‌కి ఒక షాట్, తర్వాతి 4 బార్లలో బార్‌కి రెండు, చివరి 2 బార్లలో బీట్‌కి ఒకటి. మొత్తం 20 షాట్లు, చివరి ఎనిమిదీ ఒక్కొక్కటి 15 ఫ్రేములు. అంత తక్కువ సమయంలో కన్ను ఒక్క విషయాన్నే పట్టుకోగలదు కాబట్టి ఫ్రేములో ఒకే బలమైన వస్తువో ముఖమో ఉన్న షాట్లే అక్కడ పెట్టండి.

కట్‌ని బీట్‌కి ఒకటి రెండు ఫ్రేములు ముందే వేసి చూడండి. సరిగ్గా బీట్ మీద వేసినదానికన్నా చాలాసార్లు అదే కచ్చితంగా అనిపిస్తుంది. బొమ్మ కన్నా శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తే మనకి సహజంగానే ఉంటుంది, ముందొస్తే మాత్రం తేడా కొడుతుంది. ఇంకో మాట, బలమైన దెబ్బ మీద ఎప్పుడూ కట్టే ఉండాలని లేదు. తలుపు మీద చెయ్యి పడటం, కళ్లు తెరవడం లాంటి షాట్ లోపలి కదలిక ఆ దెబ్బ మీద పడితే ఇంకా బాగుంటుంది.

8. రైజర్లు, దెబ్బలు

ఉచితంగా దొరికే రైజర్లు (అంతకంతకూ పెరుగుతూ పోయే శబ్దాలు), గుండెల్లో మోగే బూమ్‌లు అందరి ట్రైలర్లలోనూ అవే. మీ సినిమా శబ్దాలతోనే చేసుకోండి. తలుపు కొట్టిన చప్పుడుని ఒక ఆక్టేవ్ (సంగీతంలో ఒక స్థాయి) కిందికి దించి రివర్బ్ ఇస్తే టైటిల్ మీద వేసే దెబ్బ సిద్ధం. అదే శబ్దానికి పొడవైన రివర్బ్ ఇచ్చి చివరి నుంచి మొదటికి మోగేలా తిరగేస్తే రైజర్. దాని శిఖరం సరిగ్గా కట్ దగ్గర ముగియాలి.

9. డైలాగ్‌తో మిక్స్

డైలాగ్ వచ్చినప్పుడు సంగీతాన్ని 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. తగ్గడం మాటకి కాస్త ముందే మొదలవ్వాలి, పెరగడం మాట అయ్యాక నెమ్మదిగా జరగాలి. అప్పుడు తగ్గించినట్టే తెలియదు. దీనికన్నా ముందు ఇంకొకటి చేసి చూడండి. సంగీతానికి ఈక్వలైజర్ పెట్టి 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ కోయండి. మాటల స్పష్టత ఉండేది అక్కడే. ఆ చోటు ఖాళీ అయితే సంగీతాన్ని అంతగా తగ్గించే అవసరం రాదు.

యూట్యూబ్ సుమారు -14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినిపించే గట్టిదనాన్ని కొలిచే కొలత) కన్నా గట్టిగా ఉన్న వీడియోని తనే తగ్గించేస్తుంది. కాబట్టి శిఖరాల్ని అణిచే లిమిటర్‌తో అంతా పిండి పెద్దది చేయడం దండగ. పైగా నిశ్శబ్దానికీ విరుచుకుపడటానికీ మధ్య మనం కష్టపడి కట్టిన తేడా పోతుంది. శిఖరాలు -1 డెసిబెల్ దాటకుండా చూసుకుంటే చాలు.

హెడ్‌ఫోన్స్‌లో అయ్యాక ఫోన్ స్పీకర్‌లో వినండి. 150-200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా అందులో దాదాపు మాయమైపోతుంది. టైటిల్ దెబ్బ అక్కడ వినబడకపోతే దాని మీద కర్ర విరిగిన చప్పుడు లాంటి పై స్థాయి శబ్దం ఒకటి పొరగా చేర్చండి.

10. బయటికి పంపే ముందు

రచయిత పేరు వేయాల్సిన ట్రాక్ అయితే ట్రాక్ పేరు, రచయిత, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్సు, మీరు కత్తిరించారన్న సంగతి, ఇవన్నీ వివరణలో రాయండి. వీలుంటే ఎండ్ కార్డులో కూడా. వీడియోని ముందు ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి కంటెంట్ ఐడీ, అంటే హక్కులున్న సంగీతాన్ని తనంతట తనే పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ, పరిశీలన ముగిసేదాకా ఆగండి. లైసెన్సు ఉన్న ట్రాక్ మీద కూడా క్లెయిమ్ రావచ్చు. అప్పుడు దాచుకున్న పీడీఎఫ్‌లోని లైసెన్సు వివరాలు రాసి అభ్యంతరం పెట్టొచ్చు.

36 బార్ల మ్యూజిక్ కట్‌ని డైలాగులు, ఎఫెక్టులు లేకుండా విడిగా వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి. రేపు ఎవరైనా 30 సెకన్ల టీజర్ అడిగితే అదే ఫైల్లోంచి నిశ్శబ్దపు 2 బార్లు, వేగపు షాట్లలోని చివరి 8 బార్లు, టైటిల్ 2 బార్లు తీసుకోండి. మొత్తం 12 బార్లు, సరిగ్గా 30 సెకన్లు.